భుజం మీది ఆకుపచ్చ చెయ్యి

ఆ వీధి చివర ఫొటో స్టూడియో నడిపే ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. దాన్ని వాడిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. చెప్పులు బాగుచేసే దుకాణం మీద అంతస్తు, పద్నాలుగు మెట్లు, ఎక్కగానే ఎదురుగా ఒక కుంటి స్టూలు, దాని కాలి కింద మడతపెట్టిన అట్టముక్క, వెనకాల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కంప్యూటర్‌లోకి దూరిపోతున్నట్టు కూర్చున్న మనిషి. ఆయన్ని అందరూ ఒక్కరంగాయన అంటారు.

ఎందుకంటే ఆయనకో పిచ్చి ఉంది. ఏ ఫొటో చేతికొచ్చినా దాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చేసి, అందులో ఒక్క వస్తువుకి మాత్రం దాని రంగు దానికి ఉంచేస్తాడు. మీరు మీ కుక్కతో ఫొటో దిగారనుకోండి. మీరు బూడిద రంగు, కుక్క బూడిద రంగు, కుక్క నాలుక మాత్రం ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటుంది. పళ్ళ డాక్టరు తన కొత్త క్లినిక్ ముందు ఠీవిగా నిలబడి తీయించుకున్న ఫొటోలో, గేటు పక్కన ఎవరో మర్చిపోయిన నీలం బకెట్‌కి రంగు ఉంచాడు. డాక్టరూ ఉన్నాడు, క్లినిక్కూ ఉంది, కానీ చూసినవాళ్ళందరూ బకెట్ బాగుందనే అన్నారు. పాస్‌పోర్ట్ ఫొటోకి వచ్చిన ఓ పెద్దమనిషికి, మీసానికి వేసుకున్న గోధుమరంగు ఒక్కటీ ఉంచి ఇచ్చాడు. ఆఫీసువాళ్ళు ఆ ఫొటోని తిప్పికొట్టారు. పెద్దమనిషి తిన్నగా వచ్చి పద్నాలుగు మెట్లూ అరుస్తూనే ఎక్కాడు.

ఎవరేమన్నా ఆయన జవాబు ఒక్కటే.

"కళ్ళకి అన్నీ చూపిస్తే ఏదీ చూడవండీ. ఒక్కటే చూపించండి, చచ్చినట్టు చూస్తాయి."

ఇలాంటి మనిషితో పాతికేళ్ళు కాపురం చేసినావిడ మందుల షాపులో పనిచేస్తుంది. డాక్టర్లు గీకే కొక్కిరిబిక్కిరి గీతలు చదివి చదివి, ఆవిడ కంటికి అంతుపట్టనిదంటూ లేకుండా పోయింది. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆవిడకే తెలుసు, ఒక్కరంగాయన చొక్కాలతో సహా. ఆయనకి ఆవిడంటే ప్రాణం. ఆ మాట పైకి అనడం చేతకాక, పుట్టినరోజుకీ పండక్కీ ఒక ఫొటో చేసిచ్చేవాడు. ఆవిడ వాటిని చూసి నవ్వి, గోడకి తగిలించేది.

ఇక ఆవిడ తండ్రి. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయింది గానీ జేబులో స్టీలు టేపు పోలేదు. ఎక్కడికి వెళ్ళినా కిటికీ వెడల్పో బల్ల పొడవో కొలిచి, తేడా ఉందని తేల్చందే ఆయనకి భోజనం సయించదు. పాతికేళ్ళ కిందట కూతురు ఫొటోలాయన్ని చేసుకుంటానంటే, "చీకటి గదిలో బతికే వాడికి నా పిల్లనిస్తానా? ఆ పెళ్ళికి నా నీడ కూడా రాదు" అని భీష్మించుకు కూర్చున్నారు. వాళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. తల్లి వచ్చింది, బంధువులు వచ్చారు, ఈయన రాలేదు. రాలేదన్న సంగతిని ఆ తర్వాత ఏ నలుగురు కూడినా పతకంలా ప్రదర్శించుకునేవారు. మనవలు పుట్టాక రాకపోకలు మొదలయ్యాయి, కానీ అల్లుడితో నేరుగా మాట్లాడిన రోజు లేదు. ఎవరైనా పక్కనుంటే, "ఆ ఫొటోలాయన్ని కాఫీ తాగుతాడేమో అడుగు" అనేవారు. ఎవరూ లేకపోతే గోడ గడియారంతో చెప్పేవారు.

సరే, పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి. ఒక్కరంగాయన బుర్రలో దీపం వెలిగింది. పెళ్ళినాటి గ్రూప్ ఫొటోని నలుపు తెలుపు చేసి, పెళ్ళికూతురు కప్పుకున్న ఆకుపచ్చ ఊలు శాలువా ఒక్కటీ రంగులో ఉంచి, నాలుగడుగుల ప్రింటు వేయించి, అందరి ముందూ ఆవిడకి ఇవ్వాలి. రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద తీసిన ఫొటో అది. మధ్యలో దంపతులు, చుట్టూ రెండు వైపుల జనం.

మామూలుగా అయితే ఆయన రంగు ఉంచాల్సిన వస్తువు చుట్టూ మౌస్‌తో ఓపిగ్గా గీత గీసుకుంటాడు. కానీ ఈ శాలువాకి అంచు పొడవునా కుచ్చులు, రెండు వందల పోగులు. గీయలేక కంప్యూటర్‌కే అప్పజెప్పాడు, ఈ ఆకుపచ్చ ఒక్కటీ ఉంచి మిగతా రంగులన్నీ తీసెయ్యమని. కంప్యూటర్‌కి శాలువా అంటే ఏం తెలుసు? దానికి తెలిసింది ఆకుపచ్చ. అది ఫొటోలో ఎక్కడుంటే అక్కడ ఉంచేసింది. మన మహానుభావుడు వారం రోజులపాటు కుచ్చుల్ని తెరంత పెద్దవి చేసుకుని ఒక్కో పోగునీ దిద్దాడే తప్ప, ఒక్కసారైనా ఫొటో మొత్తం చూసుకోలేదు. ఫ్రేము కట్టే ఆయన ఖాకీ కాగితం చుట్టి ఇస్తే, ఆ కాగితం విప్పకుండానే ఇంటికి మోసుకొచ్చాడు.

ఆదివారం ఉదయం హాలు నిండా చుట్టాలు. అత్తగారు మాత్రం కాలు బెణికి రాలేకపోయింది. మామగారు ముందు వరసలో కూర్చుని, "పెళ్ళి ఫొటోయే అయ్యుంటుంది. ఆ రోజు నేను రాలేదు కాబట్టి అందులో నేనుండను" అని పక్కవాళ్ళకి చెబుతున్నారు. ఒక్కరంగాయన గొంతు సవరించుకుని కాగితం లాగేశాడు.

"అబ్బ, నా శాలువా!" అంది భార్య, రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని. ఆవిడ మొహం చూసి ఒక్కరంగాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మామగారు కొలిచి ఉంటే తేలేది.

ఆ తర్వాత ఆవిడ చేతులు చెంపల మీంచి మెల్లగా దిగాయి.

"ఏవండీ, ఇదెవరిది?"

"ఏది?"

"మీ భుజం మీద."

హాలంతా ముందుకి వంగింది. ఫొటోలో మనుషులంతా నలుపు తెలుపు. పెళ్ళికూతురి శాలువా ఆకుపచ్చ. పెళ్ళికొడుకు కుడి భుజం మీద, వెనక నిలబడ్డ పొడుగు బాబాయి చాటునుంచి వచ్చి, ఐదు వేళ్ళూ నిండుగా పరుచుకుని, ఒక చెయ్యి. ఆ చేతికి ఊలు గ్లౌజు. ఆ గ్లౌజు శాలువాకి కవల పిల్లలా అచ్చం అదే ఆకుపచ్చ.

పాతికేళ్ళుగా ఆ ఫొటో ఆల్బంలో ఉంది. రంగులన్నీ ఉన్నప్పుడు ఎర్ర టోపీలు, పసుపు మఫ్లర్లు, నీలం గొడుగుల మధ్య ఆ చెయ్యి ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు నాలుగడుగుల ఫ్రేములో అదీ శాలువా తప్ప ఇంకేదీ రంగులో లేదు.

"నాకు తెలీదు," అన్నాడు ఒక్కరంగాయన. నిజంగానే తెలీదు.

"భుజం మీద చెయ్యి పడితే తెలీదా?"

"ఆ రోజు చాలా చేతులు పడ్డాయి కదా..."

"చాలా చేతులా!"

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ భయపడ్డ మనిషికి ఆ సదుపాయం ఉండదు. "అంటే, శుభాకాంక్షలు చెప్పే చేతులు" అన్నాడు. "ఆడవాళ్ళవి కూడా" అని కలిపాడు. అక్కడితో ఆగకుండా, "నేను లెక్కపెట్టుకోలేదు" అని ముగించాడు.

"నా శాలువా రంగుకి సరిగ్గా జోడీ కుదిరేలా గ్లౌజు వేసుకుని, నా పెళ్ళిలో, నా పక్కనున్న మనిషి మీద చెయ్యేసిందంటే, అదేదో కాకతాళీయం కాదు," అంది భార్య. "ఒక్కటి చూపిస్తే కళ్ళు చచ్చినట్టు చూస్తాయని మీరేగా చెబుతారు. చూశాను. ఎవరో చెప్పండి, చాలు. చెప్పేదాకా నాతో మాట్లాడకండి."

అప్పటిదాకా ఎందుకో దగ్గుతూ కూర్చున్న మామగారు ఒక్కసారిగా లేచారు. జేబులోంచి టేపు చర్రున లాగారు. "దీని సంగతి నేను తేలుస్తాను. విచారణ జరగాల్సిందే. ఆ ఫొటోలాయన్ని గోడకి ఆనుకుని నిలబడమను."

విచారణ మూడు రోజులు జరిగింది. మామగారు ఫొటోలో చెయ్యిని అడ్డంగా, నిలువుగా, ఐమూలగా కొలిచారు. బొటనవేలిని బట్టి అది కుడి చెయ్యని తేల్చారు. ఆ మాత్రం చంటిపిల్లలూ చెప్పగలరు గానీ, ఆయన కాగితం మీద రాసి కింద సంతకం పెట్టారు.

"ఎంత మోటు చెయ్యో చూడు నాన్నా," అంది కూతురు.

"మోటేం కాదు," అన్నారు ఆయన చురుగ్గా. "కష్టపడిన చెయ్యి. మంచి చెయ్యే."

పొడుగు బాబాయికి ఫోన్ చేశారు. "బాబాయ్, పెళ్ళి ఫొటోలో నీ వెనక నిలబడ్డదెవరు?" అని ఒక్కరంగాయన ప్రాధేయపడి అడిగాడు.

"నా వెనక ఎవరైనా ఎందుకు నిలబడతార్రా? నిలబడితే కనబడతారా?" అన్నాడు బాబాయి. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది.

పెళ్ళికి వచ్చిన ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ పిలిపించారు. వచ్చినావిడ ఒక్కరంగాయన వెనక నిలబడాలి, కుడి చెయ్యి ఆయన భుజం మీద వెయ్యాలి. మామగారు ఎత్తు కొలుస్తారు. భార్య ఎదురుగా కూర్చుని ఆయన మొహం చదువుతుంది. ఏ చెయ్యి పడ్డా ఆ మొహంలో ఒకే భయం కనిపించేసరికి ఆవిడకీ ఏమీ అర్థం కాలేదు. పెళ్ళికి వచ్చిన పిన్ని ఒకావిడ చెయ్యి వేసి, పనిలోపనిగా, "భుజాలు బాగా బిగుసుకుపోయాయి నాయనా, వేడినీళ్ళు పోసుకో" అని సలహా ఇచ్చి వెళ్ళింది.

మూడో రోజు సాయంత్రం తొమ్మిదో చెయ్యి పడింది. అప్పటికి ఒక్కరంగాయనకి భుజం తిమ్మిరెక్కింది, బుర్ర అంతకంటే ఎక్కువ తిమ్మిరెక్కింది. ఎవరో ఒకరు దొరికితే ఈ గొడవ వదులుతుందనిపించింది.

"ఇదే!" అన్నాడు కళ్ళు మూసుకుని. "ఇదే చెయ్యి. నాకు బాగా గుర్తు."

వెనక నిలబడ్డది పక్కింటావిడ. నిచ్చెన అడగడానికి వచ్చి, వరసలో నిలబెడితే ఏమీ అర్థంకాక నిలబడింది. ఆవిడ ఆ వీధికి వచ్చి ఆరేళ్ళే అయింది.

భార్య కుర్చీలోంచి లేచింది. "ఈవిడ మన పెళ్ళికి రాలేదు," అంది. "మరి ఈ చెయ్యి మీకెలా గుర్తు?"

 పక్కింటావిడ నిచ్చెన కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. భార్య సంచీ సర్దుకుని పుట్టింటికి బయల్దేరింది. మామగారు సంచీ పట్టుకుని ఆమె వెనకే నడిచారు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, గడియారంతో ఏదో చెప్పబోయి, చెప్పకుండానే వెళ్ళిపోయారు.

ఒక్కరంగాయనకి నిజంగా భయం వేసింది. ఇదివరకు అలిగితే ఓ పూట, మహా అయితే రెండు పూటలు. ఈసారి ఆవిడ కళ్ళలో కోపం కాదు, అనుమానం కనిపించింది. కోపమైతే తగ్గుతుంది, అనుమానం తగ్గడానికి తన దగ్గర ఒక్క ముక్క నిజం కూడా లేదు. మర్నాడు చొక్కా దొరక్క, ముందు రోజు చొక్కానే తొడుక్కుని స్టూడియోకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. ఏడవలేదు గానీ, కింద చెప్పులాయన మాత్రం పైకొచ్చి మంచినీళ్ళిచ్చాడు.

ఆ నీళ్ళు తాగాక ఆయనకి ఉపాయం తట్టింది. కంప్యూటర్ తెరిచి, మౌస్ ఒక్కసారి తిప్పాడు. ఆకుపచ్చ చెయ్యి బూడిద రంగులోకి మారి, పక్కనున్న కోట్లలో కలిసిపోయింది. ఎంత తేలిక! చిన్న ప్రింటు తీసి, ఆల్బంలోని పాత ఫొటోనీ కొత్తదాన్నీ చంకన పెట్టుకుని మామగారింటికి పరుగెత్తాడు.

హాల్లో వరసగా మూడు కుర్చీలు. ఒక చివర భార్య, ఇంకో చివర మామగారు. ఖాళీ ఉన్నది మధ్య కుర్చీ ఒక్కటే. చేసేది లేక అందులోనే కూర్చుని, కొత్త ఫొటో భార్య చేతికివ్వబోయాడు.

"తీసేశాను చూడు. చెయ్యి లేదు."

"ఇవ్వమను, చూద్దాం," అని మామగారు మధ్యలోనే అందుకున్నారు. ఆయన మొహం వెలిగిపోయింది. "భేష్. శుభ్రంగా పోయింది. విచారణ ముగిసిందమ్మా, ఇంటికి వెళ్ళు."

"రంగు తీసేస్తే చెయ్యి లేనట్టేనా?" అంది కూతురు. "అక్కడే ఉంది నాన్నా. ఇప్పుడు కనబడకుండా దాక్కుంది, అంతే. ఈయన అబద్ధం చెప్పినా బాధపడేదాన్ని కాదు. తెలీదంటాడు, ఊరివాళ్ళ చేతులన్నీ గుర్తున్నాయంటాడు."  ఇంట్లో నాలుగు రోజులుగా నవ్వులాటగా సాగిన వ్యవహారం ఆ మాటలు విన్నాక నవ్వులాటగా లేదు. "నువ్వే నయం నాన్నా. అప్పుడే తెలుసుకున్నావు. ఆ పెళ్ళికి రాకుండా మంచిపని చేశావు."

 మామగారు టేపుని కొంచెం బయటికి లాగారు, వదిలేశారు. మళ్ళీ లాగారు, వదిలేశారు. పాతికేళ్ళుగా ఆ మాట కూతురి నోట వినాలని కోరుకున్న మనిషి, తీరా విన్నాక చేదు మందు మింగినట్టు మొహం పెట్టారు.

"నేను వచ్చాను," అన్నారు.

"ఎక్కడికి?"

"ఆ పెళ్ళికే." ఆయన ఎదురుగా గడియారం వైపే చూస్తూ మాట్లాడారు. "మీ అమ్మ వెళ్ళాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. స్కూటర్ మీద వచ్చాను. చలి. నా గ్లౌజులు కనబడలేదు, అలమరలో చేతికందినవి తొడుక్కున్నాను. ఎవరైనా గుర్తుపడతారని హెల్మెట్ తియ్యలేదు. ఆ పొడుగాయన వెనక నిలబడితే నలుగురు మనుషులు దాక్కోవచ్చు."

ఒక్కరంగాయన పాత ఫొటో కళ్ళకి ఆనించుకుని చూశాడు. బాబాయి చెవి పక్కన నల్లగా, గుండ్రంగా ఓ ముక్క. పాతికేళ్ళుగా అందరూ దాన్ని స్తంభం మీది బొడిపె అనుకున్నారు.

లోపలి గదిలోంచి, కాలికి కట్టుతో మంచం మీదున్న అత్తగారి కేక వినబడింది. "ఆకుపచ్చ గ్లౌజులా? నీ శాలువా అల్లగా మిగిలిన ఊలుతో నాకోసం అల్లుకున్నవి! ఒక్కసారైనా తొడుక్కోలేదు! పాతికేళ్ళుగా వెతుకుతున్నాను! ఏం చేశారు వాటిని?"

"వేళ్ళ దగ్గర చిరిగిపోయాయి, పారేశాను," అన్నారు మామగారు నెమ్మదిగా. ఆ మాటకి లోపల్నుంచి వచ్చిన జవాబు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

భార్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భర్త వైపు చూసి తల దించుకుంది. నాలుగు రోజులుగా గుండెల్లో పెట్టుకున్న రాయి దిగిపోయింది. దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది.

"మరి ఇన్నాళ్ళూ రాలేదని చెప్పుకుంటూ తిరిగావేం?"

"రానన్నాను కదా. వచ్చానని ఎలా చెప్పుకోను?"

"ఈయన భుజం మీద చెయ్యెందుకు వేశావు? దీవించడానికా?"

"దీవించడమా!" మామగారికి ఎక్కడలేని రోషం వచ్చింది. "నెట్టాను. నువ్వు కనబడలేదు. ఈయన భుజమంతా అడ్డం. కాస్త జరిపితే పక్కనుంచైనా నీ మొహం కనబడుతుందని నెట్టాను. జరిగితేనా? బండరాయిలా నిలబడ్డాడు, పైగా ఫొటో అనేసరికి ఇంకాస్త వెడల్పయ్యాడు."

"అయితే చూడలేదా?"

"లేదు. ఫొటో అవగానే మీరిద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను స్కూటర్ తీసుకుని వచ్చేశాను." ఆయన టేపుని జేబులో పెట్టేసుకున్నారు. "పెళ్ళికూతురిగా ఎలా ఉన్నావో నాకు తెలీదు."

భార్య కళ్ళు తుడుచుకుంటూ తండ్రి మొహం చూడాలని ముందుకి వంగింది. అటు నుంచి మామగారూ మెడ సాచి ముందుకి వంగారు. మధ్యలో ఒక్కరంగాయన బొజ్జ, భుజాలు, చేతిలో పాత ఫొటో. వాళ్ళిద్దరూ ఇంకాస్త వంగారు. అప్పుడు ఆయనకి అర్థమైంది. లేచి, కుర్చీ చేత్తో పట్టుకుని, ఎవరూ నెట్టకుండానే పక్కకి జరిగాడు.